పంచాంగములో ఆదాయ వ్యయములు - ప్రభుత్వములో ఆదాయ వ్యయములు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణములో మనము అన్నిటికన్న శ్రద్ధగా చెవియొగ్గు ఘట్టమొకటి ఉన్నది. అది ఆదాయ వ్యయముల ఘట్టము. ఆదాయము 14, వ్యయము 2 అని వచ్చిన రాశివారి ముఖము చేటంత అగును. ఆదాయము 2, వ్యయము 14 అని వచ్చినవారు పక్కవారి వంక చూచి నవ్వలేక నవ్వుదురు. పంచాంగమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. కాని ఏడాది మొదటి దినమున ఇంటి రాబడిని, ఖర్చును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెనని మన పూర్వులు ఏర్పరచిన ఆచారము మాత్రము చాల మంచిది.

ఇంచుమించు ఇదే రోజులలో మరియొక పంచాంగ శ్రవణము కూడ జరుగుచుండును. అది బెంగుళూరు విధానసభలో ముఖ్యమంత్రిగారో, ఆర్థికమంత్రిగారో చదువు బడ్జెట్టు. ఏప్రిల్ 1వ తేదీన ప్రభుత్వమునకు ఉగాది. ఆ పంచాంగములో మన పేరు లేదుగాని మన సొమ్ము ఉన్నది. దానిని మనలో ఎందరము విన్నాము? కార్యవర్గమువారు మమ్ములను రెండు మాటలు చెప్పుమని కోరినప్పుడు, సాహిత్యము గురించి చెప్పుటకు మాకంటె సమర్థులు ఈ సభలోనే ఉన్నారు గనుక, ఈ రెండవ పంచాంగము గురించి చెప్పుదుమని ఒప్పుకొంటిమి. ప్రభుత్వము ఒక చట్టము చేయునప్పుడు దాని నిజమైన వెల ఎంత? ఆ వెలను మనకెవరు చెప్పవలెను? చెప్పనిచో అడుగుటెట్లు? ఇవే మా మాటలు.

మేము కేంద్ర ప్రభుత్వోద్యోగులము. ఏ పక్షమును మెచ్చుటకుగాని, ఏ పక్షమును దూషించుటకుగాని ఇక్కడ నిలువలేదు. మేము చెప్పబోవు దోషము అన్ని పక్షముల ప్రభుత్వములలోను, అన్ని రాష్ట్రములలోను ఉన్నదే.

మనకెందుకు అనువారికి

మొదట ఒక సందేహము తీర్చవలెను. "మనము పొరుగునాటినుండి వచ్చినవారము, ఈ లెక్కలు మనకెందుకు?" అనుట మనవారిలో వినుచున్నాము. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత కూడ చెప్పుదురు. కాని ఇక్కడ మనము కత్తిపీటలము కాము, కందలమే. తుంగభద్ర ఎడమ కాలువకు నీరు వచ్చిన తరువాత గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుండి మన పెద్దలు సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములకు వచ్చి భూములు కొని, క్యాంపులు కట్టుకొని, జొన్న పండిన నల్లరేగళ్లలో వరి పండించినారు. ఆ క్యాంపులలో పుట్టి పెరిగిన మూడవ తరమువారు ఈ సభలో ఉన్నారు. మరికొందరము ఉద్యోగములకు, వ్యాపారములకు వచ్చినవారము. డీజిలు కొన్నను ఇక్కడనే పన్ను కట్టుచున్నాము. ఓటు ఇక్కడనే వేయుచున్నాము. ఆంధ్ర రాజకీయములు టీ కొట్టు దగ్గర గంటలకొలది చర్చించు మనము, మన కాలువకు నీరు వచ్చునా రాదా అని నిర్ణయించు లెక్కలను చూడకుండుట న్యాయము కాదు.

రాజ్యాంగము ఏమి చెప్పుచున్నది?

ప్రభుత్వపు పెట్టెకు రాజ్యాంగములో సంచిత నిధి అని పేరు. 266వ అధికరణము ప్రకారము పన్నులు, అప్పులు అన్నియు అందులో చేరవలెను. శాసనసభ అనుమతి లేక అందులోనుండి ఒక్క రూపాయియు తీయరాదు. 207వ అధికరణము మూడవ ఖండములో మరియొక కట్టుబాటు ఉన్నది. ఏదైన బిల్లు చట్టమైనచో సంచిత నిధినుండి ఖర్చు కావలసియున్నచో, గవర్నరుగారి సిఫారసు లేక దానిని సభ ఆమోదింపరాదు. పార్లమెంటు విషయములో 117వ అధికరణము ఇదే మాట చెప్పుచున్నది.

దీనికి తోడు, ఖర్చుతో కూడిన ప్రతి బిల్లు వెంట ఒక ఆర్థిక జ్ఞాపిక జతపరుపవలెనని లోకసభ నియమము. అందులో ఒకసారి అగు ఖర్చెంత, ఏటేట అగు ఖర్చెంత అని అంచనా చూపవలెను. శాసనసభలలో కూడ ఇట్టి పద్ధతియే ఉన్నది. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని ఆ బిల్లులను తిరగవేసి చూచినచో చాలవాటి చివర "దీనివలన అదనపు వ్యయము లేదు" అను అర్థము వచ్చు ఒక్క వాక్యముండును. కొన్నిటిలో, ఖర్చెంతయో ఇప్పుడే చెప్పలేమని ఉండును. కొత్త అధికారి, కొత్త కార్యాలయము, కొత్త హక్కు, కొత్త సహాయము ఏర్పరచు చట్టమునకు ఖర్చు లేదనుట, పెండ్లికి పిలిచి పప్పన్నమునకు ఖర్చు లేదనుటవంటిది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనిన మన పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలియును.

తప్పుడు అంచనాకు శిక్ష లేదు. అసలు చెప్పినది ఎంత, అయినది ఎంత అని తరువాత పోల్చి చూపవలెనను నిర్బంధము కూడ లేదు. ఇదియే అసలు లోపము.

రైల్వే ఆఫీసులో ఒక మంచి అలవాటు

మేము రైల్వేలో గుమాస్తాపని చేయువారము గనుక మా శాఖలోని ఒక అలవాటు చెప్పుదుము. రైల్వేలో ఒక చిన్న షెడ్డు వేయవలెనన్నను మొదట ఎస్టిమేటు వేయవలెను. లెక్కల శాఖవారు చూచి అంగీకరింపవలెను. ఖర్చు మితిమీరినచో ఎందుకు మీరినదో వ్రాసి రివైజ్డు ఎస్టిమేటు పంపవలెను. పని ముగిసిన తరువాత కంప్లీషను రిపోర్టు వ్రాసి, అంచనాకు అసలుకు గల తేడాను పద్దువారీగా చూపవలెను. పై అధికారి ఆ తేడాకు కారణమడుగును.

ఇంత కట్టుదిట్టమున్నను రైల్వేలో ఆలస్యములు లేవని మేము చెప్పము. మన ప్రాంతపు మునీరాబాదు - మహబూబ్‌నగరు లైను 1997-98లో మంజూరైనది. పొడవు 244 కిలోమీటర్లు. జక్లేరు - కృష్ణ భాగము 2023 అక్టోబరు 1న జాతికంకితమైనది. సింధనూరుకు రైలు 2024 మార్చిలో వచ్చినది. సింధనూరు నుండి రాయచూరు వరకు గల భాగము అప్పటికింకను మిగిలియే ఉన్నది. ఆ లైను మంజూరైననాడు ఊయలలోనున్న పిల్లవాడు రైలు వచ్చునాటికి తన పిల్లలను చంకనెత్తుకొని చూడవచ్చినాడు. ఇన్నేండ్ల ఆలస్యము ఏ ఎస్టిమేటులోను ఒక పద్దుగా కనబడదు. కాని బియ్యమును లారీలమీద తోలిన మిల్లువాడు, బస్సులో నిలబడి పోయిన విద్యార్థి ఆ ఖర్చును పెట్టుకొన్నారు. ఒక పని వెలలో కాలము వెల కూడ చేరియున్నదని మనము గ్రహింపవలెను.

అయినను షెడ్డుకు ఉన్న కంప్లీషను రిపోర్టు చట్టమునకు లేకపోవుట వింతగా లేదా? లక్ష రూపాయల పనికి లెక్క చెప్పవలెను. వేల కోట్ల చట్టమునకు చెప్పనక్కరలేదు!

కృష్ణ ఎగువ ప్రాజెక్టు కథ

ఇప్పుడు మన జిల్లాకే వత్తము. లింగసుగూరు, దేవదుర్గ తాలూకాల రైతులకు నారాయణపురము కుడి కాలువ తెలియును. అది కృష్ణ ఎగువ ప్రాజెక్టులోనిది. ఆ ప్రాజెక్టుకు ఆలమట్టి వద్ద 1964 మేలో లాల్ బహదూర్ శాస్త్రిగారు శంకుస్థాపన చేసినారు. దాని మూడవ దశలో ఆలమట్టి నీటిమట్టమును 519.6 మీటర్లనుండి 524.256 మీటర్లకు పెంచి, మన జిల్లాకును పొరుగు జిల్లాలకును నీరందింపవలెనని తలపెట్టినారు. ఆ ఎత్తు విషయమై రాష్ట్రముల మధ్య వివాదమున్నది. అది న్యాయస్థానమువారు తేల్చవలసినది, మన ప్రసంగ విషయము కాదు. మనము చూడవలసినది వెల.

2011-12 ప్రాంతములో మూడవ దశ అంచనా 17,207 కోట్లు. 2017లో అది 51,148 కోట్లైనది. 2025 సెప్టెంబరులో కర్ణాటక మంత్రివర్గము మునుగు భూమికి, తరి ఎకరమునకు 40 లక్షలు, మెట్ట ఎకరమునకు 30 లక్షలు ఇచ్చుటకు నిర్ణయించినప్పుడు, భూసేకరణ పునరావాసములకే సుమారు 70,000 కోట్లగునని చెప్పినారు. మునుగునది 75,563 ఎకరములు.

ఈ పెరుగుదలకు కారణమేమి? ధరలు పెరుగుట ఒకటి, ఆలస్యమొకటి. కాని ముఖ్యకారణము ఒక చట్టము. 1894 నాటి భూసేకరణ చట్టము పోయి, 2013లో కొత్త చట్టము వచ్చి, 2014 జనవరి 1 నుండి అమలైనది. పాత చట్టములో చివరి రోజులలో మార్కెట్టు ధరపై నూటికి 30 చొప్పున సొలేషియము అని పరిహారము కలిపెడివారు. కొత్త చట్టములో గ్రామములందు మార్కెట్టు ధరను రెండింతలవరకు హెచ్చవేయవచ్చును. దానిపై నూటికి నూరు సొలేషియము. అనగా 5 లక్షల ధరగల ఎకరమునకు, వడ్డీ మొదలగునవి వదలినచో, పాత లెక్కలో 6 లక్షల 50 వేలు. కొత్త లెక్కలో 20 లక్షలవరకు.

ఈ మాట వినినవెంటనే కొందరు "అయితే ఆ చట్టమే చెడ్డది" అందురు. మేము అట్లనము. అయ్యా, భూమి వెల 2014లో పుట్టినది కాదు. అంతకు ముందును ఆ వెల ఉన్నది. కాని దానిని ప్రభుత్వము కట్టలేదు, భూమి పోయిన రైతు కట్టినాడు. తుంగభద్ర ఆనకట్ట క్రింద ఇంచుమించు 90 ఊళ్లు మునిగినవి. ఆ ఊళ్లవారికి దక్కిన పరిహారముతో మరల అంతటి పొలము, అంతటి ఇల్లు, అంతటి గుడి కట్టుకొనగలిగినారా? మనము తినిన ప్రతి వరిమెతుకులో వారు కట్టిన వెల ఉన్నది. ఆ వెల ఏ బడ్జెట్టు పుస్తకములోను వ్రాయబడలేదు గనుక ఆనాటి ప్రాజెక్టులు చౌక అని మనము అనుకొనుచున్నాము. కొత్త చట్టము చేసిన పని, మరుగుననున్న వెలను కాగితముమీదికి తెచ్చుట. కావున నిజమైన వెల చెప్పుడని అడుగుట బీదవానికి విరోధము కాదు; బీదవాని తల మీద రహస్యముగా పెట్టిన బరువును బయటికి తీయుట.

అయినచో అడుగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఆ చట్టము చేసిననాడే దేశములో నడుచుచున్న ప్రాజెక్టులకు దానివలన ఎంత భారము పెరుగునో రాష్ట్రములవారీగా లెక్కవేసి, ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చునో చెప్పియున్నచో, రైతుకు పరిహారము అందుట ఇంత ఆలస్యమయ్యెడిదా? కాలువ చివర చేలవాడు ఇన్నేండ్లు ఆకాశము వంక చూచెడివాడా? చట్టము న్యాయమైనదైనను, దాని వెలను సమకూర్చనిచో ఆ న్యాయము కాగితముననే నిలిచిపోవును.

కాళేశ్వరము చెప్పిన పాఠము

మన బంధువులున్న తెలంగాణము సంగతి చూడుడు. కాళేశ్వరము ఎత్తిపోతల పథకమునకు 2016లో శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవము జరిగినవి. ప్రాజెక్టు నివేదికలో అంచనా 81,911 కోట్లు. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుంచిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారి నివేదిక, అది 1,47,427 కోట్లు దాటవచ్చునని చెప్పినది. రూపాయి పెట్టినచో రూపాయి 51 పైసల ప్రయోజనమని మొదట చూపినారు. ఆడిటువారి లెక్కలో అది 52 పైసలకు దిగినది. ఈలోగా 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజులో స్తంభములు కుంగినవి.

ఇందులో మనము ప్రత్యేకముగా గమనింపవలసినది అప్పు తెచ్చిన రీతి. ఈ ప్రాజెక్టుకై ఒక కార్పొరేషను పెట్టి, దాని పేర బ్యాంకులు మొదలగువానినుండి 87,449 కోట్ల అప్పులకు ఒడంబడికలు చేసికొన్నారు. ఇట్టి అప్పు ప్రభుత్వపు బడ్జెట్టులో నేరుగా కనబడదు. ఇంటి యజమాని తన పేర అప్పు పుట్టక బావమరిది పేర తెచ్చి, ఇంటి లెక్కలో వ్రాయక, వడ్డీమాత్రము తానే కట్టుచున్నట్లు. కర్ణాటకము 2002లో, దేశమందలి రాష్ట్రములలో మొట్టమొదటగా, ఆర్థిక బాధ్యత చట్టము చేసినది. కేంద్రము 2003లోను, ఆంధ్రప్రదేశ్ 2005లోను చేసినవి. అప్పులకు హద్దు పెట్టుట వాని ఉద్దేశము. కాని హద్దుగోడకు ప్రక్కన దొడ్డిదారి ఉన్నచో గోడ ఎత్తు కొలిచి ఏమి లాభము?

ఉచితము అను మాట

ఇక ఉచితములు. ఈ మాట ఎత్తినంతనే సభలో సగముమంది ముఖము చిట్లింతురని తెలియును, అయినను చెప్పవలెను. కర్ణాటకలో 2023 జూన్ 11న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము వచ్చినది. 2023 డిసెంబరులో తెలంగాణములోను, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోను అట్లే వచ్చినది. ఇక్కడ గృహలక్ష్మి, గృహజ్యోతి మొదలగువానితో కలిపి అయిదు హామీలకు 2024-25 బడ్జెట్టులో సుమారు 52,000 కోట్లు చూపినారు.

మేము వీనిని కూడదనుట లేదు. క్యాంపులో కలుపు తీయు తల్లికి నెలకు 2,000 రూపాయలు రాజ్యములోని ఏ ఖర్చుకంటెను తక్కువ గౌరవమైనది కాదు. పైగా బస్సులోని సున్న టికెట్టులో ఒక మంచి ఉన్నది. స్త్రీ ఒక్క పైసా ఇయ్యకపోయినను కండక్టరు టికెట్టు కొట్టవలెను. ఎందుకు? ఎందరు ప్రయాణము చేసినారో, ప్రభుత్వము బస్సు సంస్థకు ఎంత బాకీపడినదో లెక్క తేలుటకు. మేము కోరునది ఇదియే. ఉచితమునకు కూడ టికెట్టు కొట్టుడు! పుచ్చుకొనువారికి ఉచితము కావచ్చును, లెక్కలో ఉచితమను పద్దు లేదు.

పొలము మోటార్లకు ఉచిత విద్యుత్తు విషయము చూడుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన దినముననే ఆ కాగితముపై సంతకము చేసినారు. కర్ణాటకలో 10 అశ్వశక్తి మోటారు వరకు ఉచితము ఉన్నది. 2003 విద్యుత్ చట్టము 65వ సెక్షను ఒక చక్కని మాట చెప్పుచున్నది: ప్రభుత్వము ఎవరికైన విద్యుత్తు రాయితీ ఇయ్యదలచినచో ఆ సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగా చెల్లింపవలెను. అనగా దానము చేయువాడు రొక్కము చేతబట్టుకొని చేయవలెను. ఈ నియమము దేశమంతట సరిగా నడిచియున్నచో, పంపిణీ సంస్థల అప్పులు కొండలుగా పెరిగి 2015లో కేంద్రము ఉదయ్ పథకము పెట్టి, ఆ అప్పులో నూటికి 75 వంతులు రాష్ట్రములు నెత్తికెత్తుకొనవలసి వచ్చెడిది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును ఆ పథకములో చేరినవే. ముందు చెల్లింపని వెల వెనుక వడ్డీతో వచ్చును.

పై ప్రభుత్వము చట్టము చేసి, క్రింది ప్రభుత్వముచేత చెల్లింపించుట మరియొక విధము. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టములో నైపుణ్యము లేని పని కూలి మొత్తమును కేంద్రమే భరించెడిది. దానికి బదులు 2025 డిసెంబరులో వచ్చిన చట్టము పనిదినములను 100 నుండి 125కు పెంచినది. ఖర్చులో సాధారణ రాష్ట్రముల వంతు నూటికి 40 చేసినది. దినములు పెరిగినవన్న వార్త అందరికి చేరినది. ఆ 40 వంతులు ఏ పద్దునుండి తీయుదురని మాత్రము మనము మన రాష్ట్రమునే అడుగవలెను. రాష్ట్రము సమకూర్పలేనిచో 125 అను అంకె గోడమీది వ్రాతయే అగును.

దీనికి ఎదురు దోషము కూడ కలదు. ఖర్చు చేయుదుమని చెప్పి చేయకుండుట. రాజ్యాంగమునకు 2012లో జరిగిన 98వ సవరణ వలన 371-జె అధికరణము వచ్చి మన కల్యాణ కర్ణాటకకు ప్రత్యేక మండలి ఏర్పడినది. 2024-25 బడ్జెట్టులో దానికి 5,000 కోట్లు చూపినారు. చూపిన అంకెను చూచి చప్పట్లు కొట్టుట సులభము. ఎంత విడుదలైనది, ఎంత పనిగా మారినది, మన తాలూకాలో ఏ బడికి పైకప్పు వచ్చినది అని అడుగుట మన పని.

గేటు గొలుసు వెల

అన్నిటికన్న మన గుండెకు దగ్గరి మాట చివర చెప్పుచున్నాము. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న పునాది పడినది. 1953లో కాలువకు నీరు వదలినారు. అప్పుడు జలాశయములో సుమారు 133 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలిచెడిది. పూడిక చేరి 2016 సర్వేనాటికి అది 105.79కి దిగినది. అనగా సుమారు 27 శతకోటి ఘనపుటడుగుల చోటు మట్టి ఆక్రమించినది. పోయిన చోటికి బదులు నవలి వద్ద వేరొక జలాశయము కట్టవలెనని ప్రతిపాదన వచ్చినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. కన్నయ్యనాయుడుగారు మొదలగు ఇంజనీర్లు, పనివారు ప్రాణములకు తెగించి, పారు నీటిలోనే అడ్డుపలకలు దింపి నీటిని నిలిపినారు. వారికి మనమందరము ఋణపడియున్నాము. తరువాత గేట్లన్నియు మార్చవలసి వచ్చినది. ఆ పని కొరకు 2025-26లో రెండవ పంటకు నీరు లేదని నిర్ణయించినారు.

ఆనకట్ట వెల కట్టిననాడు పెట్టిన ఖర్చుతో తీరలేదని దీనివలన తేటపడుచున్నది. పూడిక వెల, గొలుసు వెల, తలుపు వెల ఏటేట ఉన్నది. ప్రారంభోత్సవమునకు శిలాఫలకముండును, గ్రీజు పూయుటకు శిలాఫలకముండదు. అందుచేత కొత్తవానికి సొమ్ము దొరికినంత సులభముగ పాతవాని మరమ్మత్తుకు దొరకదు. రెండవ పంట పోయినప్పుడు ఎవరు చెల్లించినారు? చేలలో నాట్లు వేయు కూలీలు, మిల్లులలో హమాలీలు, కౌలుకు చేసిన చిన్నరైతులు. భూమిగలవాడు ఒక పంట పోయినను నిలువగలడు. కౌలురైతుకు ఆ పంటయే బిడ్డ పెండ్లి. నిజమైన వెల చెప్పని ప్రభుత్వపు బిల్లు చివరకు చేరునది ఆ గుడిసెకే.

మనము ఏమి చేయవలెను?

ఇతర దేశములలో దీనికి కొన్ని ఉపాయములు చేసికొన్నారు. అమెరికాలో 1974 చట్టము వలన కాంగ్రెసుకు ప్రత్యేక బడ్జెటు కార్యాలయమేర్పడినది. అది ఏ పక్షమునకు చెందక బిల్లుల వెలను లెక్కకట్టి ప్రకటించును. ఇంగ్లండులో 2010లో ఇట్టి స్వతంత్ర కార్యాలయమొకటి పెట్టినారు. మన దేశములో ఎన్.కె. సింగుగారి సంఘము 2017లో ఆర్థిక మండలి ఒకటి కావలెనని సిఫారసు చేసినది. అది ఇంకను ఏర్పడలేదు. అది వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు.

మన తెలుగువారే ఒక దారి చూపినారు. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. మొదటి జాబితాలో మన రాయచూరు జిల్లా కూడ ఉన్నది. ఆ పథకపు లెక్కలను ఊరివారి ముందు బిగ్గరగా చదివి, పేరుపేరున అడిగి సరిచూచు సామాజిక తనిఖీని ఆంధ్రప్రదేశ్‌లో క్రమముగా నడిపి, 2009లో దానికొక ప్రత్యేక సంస్థనే ఏర్పరచినారు. మస్టరులో వేలిముద్రయున్న మనిషి లేచి "నేను ఆనాడు పనికి పోలేదు" అనినచో, దానిని మించిన ఆడిటు లేదు. అదియే అసలైన పంచాంగ శ్రవణము.

కావున మేము కోరునవి నాలుగే ప్రశ్నలు. ఓటు అడుగ వచ్చినవారిని, ఏ పక్షమువారినైనను, అడుగుడు.

ఒకటి: మీరు చెప్పు పనికి ఇప్పుడు ఖర్చెంత? ఏటేట ఖర్చెంత? పదేండ్లకు ఎంత?

రెండు: ఆ సొమ్ము ఎవరి సంచిలోనిది? పన్నా, అప్పా, కార్పొరేషను పేర తెచ్చిన అప్పా, లేక వేరొక పనిని ఆపి తెచ్చినదా?

మూడు: కాగితముమీద లేని వెల ఏది? దానిని ఎవరు భరింతురు?

నాలుగు: పని ముగిసిన తరువాత, చెప్పినదెంత అయినదెంత అని సభలో ఎవరు, ఏ తేదీన చెప్పుదురు?

నాలుగవదియే ముఖ్యము. ప్రతి ఖర్చు చట్టమునకు మూడేండ్లకొకసారి ఒక కంప్లీషను రిపోర్టు శాసనసభలో ఉంచవలెనని మన ప్రతినిధులకు మనము వ్రాయవలెను. ఆడిటు నివేదిక 151వ అధికరణము ప్రకారము సభకు వచ్చుచునే ఉన్నది. కాని అది ఏండ్ల తరువాత వచ్చును, వచ్చిన తరువాత చదువువారు తక్కువ. 2005 సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో మీ కాలువ మరమ్మత్తు పద్దు ఏమైనదో అడుగవచ్చును. గ్రామసభకు పోయి కూర్చుండవచ్చును. కన్నడము చదువనేర్చిన మన పిల్లలు ఆ కాగితములు చదివి పెద్దలకు తెలుగులో చెప్పవచ్చును. మన సంఘములో నెలకొక సాయంత్రము దీనికి కేటాయించుట కష్టము కాదని కార్యవర్గమువారికి మనవి చేయుచున్నాము. చదువుటకును, లెక్క సరిచూచుటకును మా వంతు సహాయము మేము చేయుదుము.

ఈ పనిలో మన కన్నడ సోదరులు మనకు తోడు. వారికిని నేడే యుగాది. వారు బేవు-బెల్ల పంచిపెట్టుదురు, మనము ఉగాది పచ్చడి. రెంటిలోను వేపపువ్వు ఉన్నది. బడ్జెట్టులో బెల్లము చెప్పి వేపపువ్వు దాచు అలవాటు మాన్పించుటకు కాలువ ఇరుగట్లవారును కలిసి అడుగవలెను.

 కొత్త సంవత్సరములో మన ఇండ్లలో ఆదాయము హెచ్చి, కాలువలలో నీరు నిండి, చెప్పిన మాటకు చేసిన ఖర్చుకు పొంతన గల ప్రభుత్వములు మనకు లభించుగాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.